ఆఖరి నిమిషాల్లో తడబడే జట్టుకు సాధన చేయించడం ఎలా?

దక్షిణ ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, బరంపురం పరిసరాల్లో పాఠశాల జట్లకూ ఊరి జట్లకూ శిక్షణ ఇచ్చే వ్యాయామ ఉపాధ్యాయులను, జట్టు భారం మోసే కెప్టెన్లను దృష్టిలో ఉంచుకుని ఈ వ్యాసం రాస్తున్నాను. సంక్రాంతికీ దసరాకూ మన వైపు జరిగే కబడ్డీ, వాలీబాల్, టెన్నిస్ బంతి క్రికెట్ పోటీలు చూసేవారికి ఒక సంగతి బాగా తెలుసు. ఆట పొడుగునా ఆధిక్యంలో ఉన్న జట్టు ఆఖరి అయిదు నిమిషాల్లో కాళ్ళూ చేతులూ ఆడనట్టు అయిపోతుంది. రోజూ కళ్ళు మూసుకుని వేసే సర్వీస్ నెట్‌కు తగులుతుంది, ముందు సగంలో ముగ్గురిని తాకి వచ్చిన రైడర్ మధ్య గీత దాటగానే వెనక్కి తిరుగుతాడు. ఆట ముగియక ముందే గట్టు మీద కూర్చున్నవారు తీర్పు చెప్పేస్తారు: "వీళ్ళకు గుండె లేదు, పెద్ద ఆట అనగానే చేతులెత్తేస్తారు."

ఆ తీర్పు తప్పని నేను గట్టిగా నమ్ముతాను. తప్పు కావడం ఒక్కటే కాదు, పద్నాలుగేళ్ళ పిల్లవాడి మీద ఆ మాట పడితే వాడు తరువాతి ఆటలో ఎదుటి జట్టుతోపాటు ఆ మాటతో కూడా పోరాడవలసి వస్తుంది. కీలక ఘడియలో తడబడటం గుణదోషం కాదు. ఆ ఘడియలో ఆటగాడి దృష్టి ఎక్కడికి పోతోందన్నదే అసలు విషయం, దృష్టిని నిలపడం కూడా సర్వీస్ నేర్పినట్టే రోజువారీ సాధనతో నేర్పగలిగిన విద్య.

ముందుగా ఇది పెద్దవాళ్ళకూ జరుగుతుందన్న విషయం పిల్లలకు చెప్పండి. 2023 జనవరి 22న భువనేశ్వర్‌లోని కళింగ స్టేడియంలో హాకీ ప్రపంచకప్‌లో క్వార్టర్ ఫైనల్‌కు చేరే జట్టును తేల్చే క్రాస్ఓవర్ మ్యాచ్‌లో భారత జట్టు న్యూజిలాండ్ మీద 3-1 ఆధిక్యంలో ఉండి, 3-3తో ఆట ముగించి, షూటౌట్‌లో సడన్ డెత్ వరకూ వెళ్ళి 4-5తో ఓడిపోయింది. మన రాష్ట్రంలో జరిగిన ఆట గనుక ఆ రాత్రి ఇక్కడ చాలామందికి గుర్తుండే ఉంటుంది. 2017లో లార్డ్స్ మైదానంలో మహిళల ప్రపంచకప్ ఫైనల్‌లో 229 పరుగుల లక్ష్యంతో దిగిన భారత జట్టు 3 వికెట్లకు 191 దాకా చేరి, మిగిలిన 7 వికెట్లనూ 28 పరుగుల తేడాలో కోల్పోయి 9 పరుగులతో ఓడింది. ఈ ఆటగాళ్ళ నైపుణ్యాన్ని ఎవరూ శంకించలేరు. నైపుణ్యం ఉండి కూడా అది ఆ క్షణాన ఎందుకు చేతికి రాలేదన్నదే మనం తెలుసుకోవలసిన విషయం.

లోపల ఏం జరుగుతుంది?

ఒత్తిడిలో దృష్టి రెండు రకాలుగా దారి తప్పుతుందని పరిశోధకులు చెబుతారు. మొదటి రకంలో మనసు ఆటను వదిలి ఫలితం మీదికి పోతుంది. ఓడితే ఊళ్ళో ఏమంటారు, కప్పు పోతుందా, సార్ ఏమనుకుంటారు అన్న ఆలోచనలు చేరేసరికి ఎదుట ఏ డిఫెండర్ ముందుకు వచ్చాడో, బోనస్ గీత వైపు దారి ఉందో లేదో చూసి తేల్చుకునే శక్తి తగ్గిపోతుంది. రెండవ రకం దీనికి పూర్తిగా భిన్నమైనది. ఆటగాడు మరీ జాగ్రత్తపడి తన చేతినీ కాలినీ తానే గమనించుకోవడం మొదలుపెడతాడు. వేల సార్లు చేసి శరీరానికి అలవాటైన కదలికను మళ్ళీ ముక్కలుగా విడగొట్టి నడిపించబోతాడు, అక్కడే అది చెడుతుంది.

అమెరికా పరిశోధకురాలు సియాన్ బైలాక్, ఆమె సహచరులు 2002లో ప్రచురించిన ఒక అధ్యయనం ఈ రెండవ రకాన్ని చక్కగా చూపిస్తుంది. బంతిని కాలితో నడిపిస్తూ తమ పాదం మీద దృష్టి పెట్టమన్నప్పుడు, అనుభవమున్న ఫుట్‌బాల్ ఆటగాళ్ళ ఆట వారి అలవాటైన కాలితో దెబ్బతింది, కొత్తగా నేర్చుకుంటున్నవారికి మాత్రం అదే దృష్టి మేలు చేసింది. కోచ్‌లకు దీనిలో పెద్ద పాఠం ఉంది. నేర్చుకునే దశలో "మోచెయ్యి ఎత్తు, మోకాలు వంచు" అని చెప్పడం అవసరం. అదే మాట వాలీబాల్‌లో 23-23 దగ్గర సర్వీస్‌కు వెళ్తున్న నేర్పరికి చెబితే, తోవలో పోతున్నవాణ్ణి ఆపి ముందు కుడికాలు వేస్తున్నావా, ఎడమకాలు వేస్తున్నావా అని అడిగినట్టే అవుతుంది.

గుండె దడ, అరచేతుల చెమట, కడుపులో తిప్పడం, పట్టు బిగుసుకోవడం ఓటమికి సూచనలు కావు. శరీరం పెద్ద పనికి సిద్ధమవుతోందనడానికి అవి గుర్తులు. ఈ మాట పిల్లలకు పోటీ నాడు కాదు, నెల ముందే చెప్పాలి. ముందు తెలియనివాడు దడ మొదలవగానే "నాకేదో అయిపోతోంది" అని దాన్నే గమనిస్తూ కూర్చుంటాడు. హార్వర్డ్‌కు చెందిన ఆలిసన్ వుడ్ బ్రూక్స్ 2014లో ప్రచురించిన ప్రయోగాల్లో, పాటకో ప్రసంగానికో ముందు తమతో తాము "నేను ప్రశాంతంగా ఉన్నాను" అనుకున్నవారికంటే "నాకు ఉత్సాహంగా ఉంది" అనుకున్నవారు మెరుగ్గా రాణించారు. దడను అణచమని చెప్పడంకంటే దానికి మంచి అర్థం చెప్పడం సులభం.

మొదటి పని: ఎవరు, ఎలా తడబడుతున్నారో రాసి పెట్టండి

మందు వేసే ముందు జబ్బు తెలియాలి. ఒక నోట్‌బుక్ తీసుకుని ప్రతి ఆటలో చివరి అయిదు నిమిషాలను, వాలీబాల్ అయితే 20 పాయింట్లు దాటిన తరువాతి ఆటను, విడిగా రాయండి. మూడు రకాల మనుషులు కనిపిస్తారు. కొందరు తొందరపడతారు: విజిల్ తరువాత సర్వీస్‌కు 8 సెకన్ల సమయం ఉన్నా రెండో సెకనుకే బంతి కొట్టేస్తారు, 30 సెకన్ల రైడ్‌ను పది సెకన్లలో ముగించి వచ్చేస్తారు. కొందరు బిగుసుకుపోతారు: కదలిక ఆలస్యమవుతుంది, ఎదుటివాడు దాటిపోయాక చెయ్యి చాస్తారు. మూడవ రకాన్ని గుర్తించడం కష్టం, ఎందుకంటే వారు తప్పు చేయరు, బాధ్యత నుంచి తప్పుకుంటారు. బంతి తమ వైపు రాకుండా నిలబడతారు, పాస్ పక్కవాడికి వదిలేస్తారు, తమ వంతు రైడ్‌కు ఇంకొకరిని పంపమంటారు. తొందరపడేవాడికి ఇచ్చే సలహా బిగుసుకుపోయేవాడికి పనికిరాదు. కాబట్టి జట్టు మొత్తాన్ని కూర్చోబెట్టి "ధైర్యంగా ఆడండి" అని చెప్పే ప్రసంగం వల్ల ఎవరికీ ప్రయోజనం లేదు.

ఈ నోట్‌బుక్ మరో మేలు చేస్తుంది. తడబాటుకూ అలసటకూ తేడా చూపిస్తుంది. చివరి పది నిమిషాల్లో మీ డిఫెండర్లు లేవలేకపోతున్నారంటే వారికి కావలసింది పరుగు, తిండి, నిద్ర. ఎదుటి జట్టు నిజంగా బాగా ఆడి గెలిచిన సందర్భాన్ని కూడా తడబాటుగా లెక్కకట్టకూడదు. 2024 జూన్ 29న టి20 ప్రపంచకప్ ఫైనల్‌లో దక్షిణాఫ్రికా 30 బంతుల్లో 30 పరుగులు చేయవలసిన స్థితిలో, చేతిలో 6 వికెట్లు ఉండగా 7 పరుగులతో ఓడిపోయినప్పుడు ఒత్తిడిలో చేతులెత్తేసే జట్టు అన్న వారి పాత పేరునే అందరూ తవ్వి తీశారు. అయితే ఆ ఆఖరి 5 ఓవర్లలో బుమ్రా, హార్దిక్ పాండ్యా, అర్ష్‌దీప్ కలిసి ఇచ్చినవి 22 పరుగులే. గెలిచినవారి నైపుణ్యాన్ని చూడకుండా ఓడినవారి గుండెను మాత్రమే తూచడం న్యాయం కాదు. ఆ మరుసటి ఏడాదే, 2025 జూన్‌లో, అదే దక్షిణాఫ్రికా లార్డ్స్‌లో 282 పరుగుల లక్ష్యాన్ని ఛేదించి ఆస్ట్రేలియా మీద ప్రపంచ టెస్ట్ ఛాంపియన్‌షిప్ గెలిచింది.

రెండవ పని: ప్రతి ఒక్కరికీ ఒక చిన్న క్రమం

ఈ విషయంలో మనం వెయిట్‌లిఫ్టింగ్ నుంచి నేర్చుకోవలసింది చాలా ఉంది. అదృష్టవశాత్తూ ఆ ఆట మనకు పరాయిది కాదు. బరంపురానికి చెందిన కాతులు రవికుమార్ 2010 ఢిల్లీ కామన్వెల్త్ క్రీడల్లో 69 కిలోల విభాగంలో స్వర్ణం, 2014 గ్లాస్గోలో 77 కిలోల విభాగంలో రజతం గెలిచాడు. సరిహద్దుకు అవతల శ్రీకాకుళం జిల్లా నుంచి వచ్చిన కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో 240 కిలోలతో కాంస్యం తెచ్చింది. ఆ ఆటలో లిఫ్టర్ పేరు పిలిచిన తరువాత బార్ ఎత్తడం మొదలుపెట్టడానికి మామూలుగా ఒక్క నిమిషమే గడువు. బరువును ఒకే ఊపులో తలపైకి లేపే స్నాచ్‌లో మూడు, ముందు భుజాల దాకా, తరువాత తలపైకి లేపే క్లీన్ అండ్ జెర్క్‌లో మూడు ప్రయత్నాలు. ఏదో ఒక విభాగంలో మూడూ పోతే మొత్తం పోటీలో స్థానమే ఉండదు. 2016లో రియోలో మీరాబాయి చానుకు జరిగింది ఇదే, క్లీన్ అండ్ జెర్క్‌లో ఆమె మూడు ప్రయత్నాలూ విఫలమయ్యాయి. మరుసటి ఏడాది ఆమె ప్రపంచ ఛాంపియన్ అయింది, 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో 202 కిలోలతో రజతం అందుకుంది.

లిఫ్టర్లు ఆ ఒక్క నిమిషాన్ని ఎలా గడుపుతారో వీడియోల్లో పిల్లలకు చూపించండి. సుద్దపొడి రాసుకోవడం, ఇన్ని అడుగులని లెక్కగా బార్ దగ్గరికి నడవడం, శ్వాస, చేతులు పెట్టే చోటు, ఇవన్నీ ప్రతిసారీ ఒకే వరుసలో ఉంటాయి. సాధనలో ఎత్తే తేలిక బరువుకూ పతకం తేల్చే బరువుకూ ఆ వరుస మారదు. క్రమం అంటే ఇదే. ఫలితం మీదికో, సొంత మోచేతి మీదికో పరుగెత్తబోయే మనసుకు ఇది ఒక పని ఇస్తుంది.

మీ ఆటగాళ్ళకు ఇలాంటి క్రమం తయారుచేయడానికి నాలుగు అంశాలు చాలు. మొదట ఒక శ్వాస: ముక్కుతో తీసుకుని, తీసుకున్నదానికంటే నిదానంగా వదలాలి. రెండవది ఒక కదలిక: బంతిని రెండుసార్లు నేలకు కొట్టడం, చేతులకు మట్టి రాసుకోవడం వంటిది. మూడవది చూపు: బంతి పడవలసిన చోటును, లేదా తాకదలచిన డిఫెండర్ నడుమును, ఒక క్షణం కదలకుండా చూడాలి. కెనడా పరిశోధకురాలు జోన్ వికర్స్ బాస్కెట్‌బాల్ ఫ్రీ త్రోల మీద చేసిన పనిలో, మంచి ఆటగాళ్ళ చూపు విసరడానికి ముందు లక్ష్యం మీద ఎక్కువసేపు స్థిరంగా నిలుస్తుందని తేలింది. నాలుగవది ఒకే ఒక మాట, మనసులో అనుకునేది. ఆ మాట అవయవాన్ని గుర్తుచేసేది కాకుండా చోటునో లయనో గుర్తుచేసేదిగా ఉండాలి: "మూల", "నిదానం", "దాటు" వంటివి పనిచేస్తాయి, "మోచెయ్యి" పనిచేయదు. ఆ మాటను పిల్లవాడే ఎంచుకోవాలి, తన ఇంటి భాషలో ఎంచుకోవాలి.

తొందరపడే ఆటగాడికి ఈ క్రమం మరీ ముఖ్యం. ఫుట్‌బాల్ పెనాల్టీ షూటౌట్లను అధ్యయనం చేసిన నార్వే పరిశోధకుడు గైర్ యోర్డెట్, రిఫరీ విజిల్ ఊదిన వెంటనే పరుగందుకున్నవారు ఎక్కువగా విఫలమయ్యారని గమనించాడు. వాళ్ళకు ఆ బాధ త్వరగా ముగిసిపోవాలన్న తాపత్రయం ఉంటుంది. మీ సర్వర్‌కు 8 సెకన్లు ఉన్నాయంటే కనీసం నాలుగు సెకన్లు వాడుకోవడం సాధనలోనే తప్పనిసరి చేయండి. జర్మనీ పరిశోధకుడు యుర్గెన్ బెక్‌మన్ బృందం మరో చిన్న ఉపాయం పరీక్షించింది: కుడిచేతి వాటం ఆటగాళ్ళు ఒత్తిడి సమయానికి ముందు ఎడమచేతితో మెత్తని బంతిని పిసికితే తడబాటు తగ్గింది. చిన్న అధ్యయనాలే అయినా ఖర్చు లేని పని గనుక, అతిగా ఆలోచించే ఆటగాళ్ళతో సాధనలో ప్రయత్నించి చూడవచ్చు.

వెయిట్‌లిఫ్టింగ్ నుంచే ఇంకో సూత్రం తీసుకోవాలి. తెలివైన కోచ్ మొదటి ప్రయత్నానికి తన లిఫ్టర్ ఒంట్లో బాగోలేని రోజున కూడా ఎత్తగల బరువును రాయిస్తాడు. మీ ఆటగాళ్ళలో ప్రతి ఒక్కరికీ అలాంటి ఒక "నమ్మకమైన ఆయుధం" ఉండాలి. ఆటలో అతి కష్టమైన విద్య అది కానక్కరలేదు. సాధనలో పదికి తొమ్మిదిసార్లు పడే ఫ్లోట్ సర్వీస్ (బంతి తిరగకుండా వేసేది), అలసిపోయినా తడబడని కాలితాకిడి, తేలికగా వేయగల యార్కర్, ఏదైనా సరే. 24-24 దగ్గర జంప్ సర్వీస్ కొట్టి చప్పట్లు కొట్టించుకోవాలనే కోరిక కుర్రవాళ్ళకు సహజం, కాని ఆ నిర్ణయాన్ని ఆ క్షణానికి వదలకూడదు. ఏ స్కోరు దగ్గర ఏ సర్వీస్ అన్నది వారం ముందే తేలిపోవాలి. అలాగని బంతిని ఊరికే అవతలికి తోసేస్తే ఎదుటివాడికి అప్పనంగా స్మాష్ ఇచ్చినట్టే. నమ్మకమైన సర్వీస్ కూడా గురి చూసి వేసేదే అయి ఉండాలి.

మూడవ పని: ఒత్తిడిని మైదానంలోకి తెచ్చుకోవడం

అన్నింటికంటే ఎక్కువ సమయం దీనికే కేటాయించాలని నా అభిప్రాయం. మన సాధనలో ఒక పెద్ద లోపం ఉంది. పిల్లవాడు వరుసగా యాభై సర్వీసులు కొడతాడు, నాలుగు పోయినా అయిదవది ఉంటుంది. పోటీలో ఆఖరి సెట్ 14-14 దగ్గర అతనికి ఒకటే ఉంటుంది. ఆ "ఒకటే" అనే అనుభవం అతనికి పోటీ రోజున మొదటిసారి ఎదురవుతుంది. నెదర్లాండ్స్ పరిశోధకుడు రౌల్ అవుడెయాన్స్, తన సహచరుడితో కలిసి 2009లో ప్రచురించిన ప్రయోగాల్లో కొందరిని ఎక్కే గోడ మీద ఎత్తున నిలబెట్టి, కాస్త భయంలోనే డార్ట్‌లు విసిరే సాధన చేయించాడు. అలా సాధన చేసినవారు తరువాత ఒత్తిడిలో కూడా గురి నిలుపుకున్నారు, భయం లేకుండా హాయిగా సాధన చేసినవారి గురి ఒత్తిడిలో చెడింది. భయం పూర్తి స్థాయిలో ఉండనవసరం లేదు, తేలికపాటిది చాలు.

మన మైదానాల్లో దీన్ని ఇలా చేయవచ్చు. సాధన ముగిసి అందరూ చెప్పులు వేసుకునే సమయానికి వెనక్కి పిలిచి, ఒక్కొక్కరికీ ఒకే ఒక సర్వీస్, లేదా ఒకే ఒక రైడ్, లేదా ఒకే ఒక బంతి ఇవ్వండి. ముందు వార్మప్ లేదు, పోతే రెండవ అవకాశం లేదు. మిగిలినవారంతా చుట్టూ నిలబడి చూస్తారు, ఫలితం నోట్‌బుక్‌లో అందరి ముందూ రాస్తారు. వారానికి రెండుసార్లు చాలు. మొదట్లో నవ్వులాటగా తీసుకుంటారు, కొన్ని వారాలు గడిచాక ఆ ఒక్క బంతి కోసం సాయంత్రమంతా సిద్ధమవుతారు.

దీనికి తోడు ఆఖరి నిమిషాలను విడదీసి ఆడించండి. కబడ్డీలో ఒక పాయింటు ఆధిక్యం, రెండు నిమిషాల ఆట, మైదానంలో ముగ్గురే డిఫెండర్లు, ఎదుటి జట్టు వరుసగా రెండు రైడ్లు ఖాళీగా ముగించింది, ఇది మూడవది గనుక రైడర్ పాయింటు తేక తప్పదు, ఇక్కడి నుంచి మొదలు. వాలీబాల్‌లో 22-23 నుంచి, క్రికెట్‌లో ఆరు బంతుల్లో పన్నెండు పరుగుల నుంచి. ఒకరోజు గెలుస్తున్న వైపూ మరొకరోజు వెనుకబడిన వైపూ నిలబెట్టాలి, ఎందుకంటే ఆధిక్యాన్ని కాపాడుకునే భయం వేరు, వెంటాడే భయం వేరు. నా దృష్టిలో మొదటిదే ఎక్కువ ప్రమాదకరం. ఆధిక్యం రాగానే జట్టు ఆడటం మానేసి గడియారం చూడటం మొదలుపెడుతుంది. కాబట్టి ఆధిక్యంలో ఉన్నప్పుడు కూడా ఏ దాడి చేయాలో చెప్పి ఉంచండి. పిల్లలు బాగా అలసిన తరువాతనే ఇవి ఆడించాలి, నిజమైన ఆఖరి నిమిషాలు తాజా కాళ్ళతో రావు. అప్పుడప్పుడూ ఊరి పెద్దలను, సీనియర్లను పిలవండి, మైకు పెట్టించండి, పాతపట్నం వైపు నుంచి పరిచయం లేని జట్టును ఆహ్వానించండి.

ఒక్క హెచ్చరిక. ఓడినవారికి కఠిన శిక్షలు, అవమానాలు పెట్టడం ఒత్తిడి సాధన కాదు. ఓడినవారు నెట్ విప్పి మడవడం, నీళ్ళ బిందెలు నింపడం వంటి చిన్న పనులు చాలు. సాధన భయంగా మారితే పిల్లలు తడబడటం మానరు, మైదానానికి రావడం మానేస్తారు.

నాలుగవ పని: ఎవరు ఏం చేయాలో, ఎవరు ఏమని పిలవాలో

మన సరిహద్దు జట్లలో తెలుగు, ఒడియా, సవర మాట్లాడే పిల్లలు కలిసి ఆడతారు. మామూలు ఆటలో ఇది అడ్డంకి కాదు, ఒకరి మాట ఒకరికి వచ్చు. ఊపిరి ఆడని ఆఖరి నిమిషంలో మాత్రం ఒక్కొక్కరు తమ ఇంటి భాషలో అరుస్తారు, పక్కవాడికి అర్థమయ్యేలోపు అరసెకను పోతుంది. అందుకని నాలుగైదు పిలుపులు ఖాయం చేయండి: పట్టు, వదులు, వెనక్కి, నాది, నీది. ఏ భాషలోనైనా పరవాలేదు, అందరికీ ఒకటే కావాలి, రోజూ సాధనలో గట్టిగా పలకాలి. 1999 ప్రపంచకప్ సెమీఫైనల్‌లో స్కోర్లు సమమై ఒక్క పరుగు చాలిన చోట క్లూజ్‌నర్ పరుగెత్తాడు, డొనాల్డ్ కదలలేదు, ఇద్దరూ ఒకే వైపు చిక్కుకుని దక్షిణాఫ్రికా ఫైనల్ అవకాశం పోయింది. ఒకే జట్టులో ఆడేవారి మధ్యనే పిలుపు అందకపోతే ఏమవుతుందో అది చూపిస్తుంది.

బాధ్యతలు కూడా ముందే రాసి ఉండాలి. ఆఖరి రైడ్ ఎవరిది, అతను బయట ఉంటే తరువాత ఎవరు, టైమ్‌అవుట్ అడిగేది ఎవరు? 2024 పారిస్ ఒలింపిక్స్ క్వార్టర్ ఫైనల్‌లో సుందర్‌గఢ్ కుర్రవాడు అమిత్ రోహిదాస్‌కు 17వ నిమిషంలో రెడ్ కార్డు పడ్డాక భారత హాకీ జట్టు మిగిలిన ఆటంతా పదిమందితోనే ఆడి, బ్రిటన్‌ను 1-1 దగ్గర నిలిపి, షూటౌట్‌లో 4-2తో గెలిచింది. ఒకరు పోయినప్పుడు ఎవరు ఎక్కడ నిలబడాలో అడగవలసిన అవసరం లేని జట్టుకే అది సాధ్యం. మీ సాధనలో కూడా నెలకొకసారి ముఖ్యమైన ఆటగాణ్ణి ఆట మధ్యలో చెప్పకుండా బయటికి పిలిచి, మిగిలినవారు ఎలా సర్దుకుంటారో చూడండి.

టైమ్‌అవుట్ ముప్పై సెకన్లను చాలామంది కోచ్‌లు అరుపులతో వృథా చేస్తారు. మొదటి పది సెకన్లు నీళ్ళు, శ్వాస, మౌనం. తరువాత ఒకే ఒక సూచన. మిగిలిన సమయంలో ఆ సూచనను ఆటగాళ్ళ చేతనే చెప్పించండి. సూచన ఎప్పుడూ చేయవలసిన పనిగా ఉండాలి. "నెట్‌కు కొట్టకు" అంటే వాడి కళ్ళ ముందు నెట్టే నిలుస్తుంది, "వెనుక కుడిమూల" అంటే మూల నిలుస్తుంది. వరుసగా అయిదు పాయింట్లు పోయాక అడిగే టైమ్‌అవుట్ కంటే రెండు పోగానే అడిగేది ఎంతో మేలు, పతనం ఒకరి నుంచి ఒకరికి పాకకముందే దాన్ని ఆపాలి.

గట్టు మీద ఉన్నవారి బాధ్యత

సొంత ఊళ్ళో ఆడటం ఎప్పుడూ లాభమే అనుకుంటాం, కాని ఆశలు పెరిగిన చోట భారం కూడా పెరుగుతుంది. మన ఊరి పోటీల్లో మైకు పట్టుకున్నవారు పిల్లవాణ్ణి పేరు పెట్టి, ఇంటి పేరు పెట్టి, తండ్రి పేరు చెప్పి "ఊరి పరువు నీ చేతిలో ఉంది" అని గొంతు చించుకుంటారు. ప్రేమతోనే అంటారని నాకు తెలుసు. కాని సర్వీస్‌కు ముందు ఆ మాట విన్న పిల్లవాడి దృష్టి బంతి మీద ఎలా నిలుస్తుంది? పోటీకి ముందు నిర్వాహకులను కలిసి, సర్వీస్‌కు, రైడ్‌కు, పెనాల్టీకి ముందు వ్యాఖ్యానం ఆపమని మర్యాదగా అడగండి. పెద్దవారు ఒప్పుకుంటారు.

ఆడపిల్లల జట్ల విషయంలో ఇంకా జాగ్రత్త అవసరం. చాలామంది ఇళ్ళలో గెలిస్తే ఆట కొనసాగుతుంది, ఓడితే "ఇక చాలు, చదువు చూసుకో" అన్న మాట వస్తుంది. అంటే ఆ పిల్ల ఆఖరి పాయింటు దగ్గర నిలబడినప్పుడు కప్పు కోసం కాదు, రేపు మైదానానికి రావడానికి అనుమతి కోసం ఆడుతోంది. అంత భారాన్ని ఏ శ్వాసా దించలేదు. పోటీకి చాలా ముందే ఇంటికి వెళ్ళి, తల్లిదండ్రులతో కూర్చుని, ఫలితం ఏదైనా ఏడాది చివరిదాకా పంపుతామన్న మాట తీసుకోండి. ఆ మాట పిల్ల ఎదుట ఇప్పించండి. మన జిల్లాల్లో ఈ ఒక్క పని ఎన్నో ఆటలను నిలబెట్టగలదు.

ఓడిన తరువాత

ఆట ముగిసిన గంటలో విశ్లేషణ వద్దు. భోజనం పెట్టండి, ఇళ్ళకు చేర్చండి. తరువాతి సాధన రోజున నోట్‌బుక్ తెరిచి, జరిగినదాన్ని నిందగా కాకుండా ఘటనల వరుసగా చెప్పండి: ఏ స్కోరు దగ్గర క్రమం తప్పింది, ఏ పిలుపు రాలేదు, ఏ నిర్ణయం ముందే తేల్చుకోలేదు. తప్పు చేసినవాణ్ణి పక్కన కూర్చోబెట్టడం సులభం, కాని అది అతనికి వేసిన ముద్రను ఖాయం చేస్తుంది. బ్యాడ్మింటన్‌లో పి.వి.సింధు 2016 ఒలింపిక్స్ ఫైనల్ ఓడింది, 2017, 2018 ప్రపంచ ఛాంపియన్‌షిప్ ఫైనల్స్ ఓడింది, ఆమెకు ఫైనల్స్ గెలవడం రాదన్నారు. 2019లో బాసెల్‌లో జరిగిన ప్రపంచ ఛాంపియన్‌షిప్ ఫైనల్‌లో, రెండేళ్ళ క్రితం తనను 110 నిమిషాల పోరులో ఓడించిన జపాన్ క్రీడాకారిణి ఒకుహారానే 21-7, 21-7తో 38 నిమిషాల్లో ఓడించింది. మళ్ళీ మళ్ళీ ఫైనల్‌కు వెళ్ళడం వల్లే ఆ అవకాశం ఆమెకు దక్కింది.

కాబట్టి ఓడిన స్కోరునే నేల మీద రాసి, అదే ఆటగాణ్ణి అదే చోట నిలబెట్టి ఆ వారంలోనే మళ్ళీ ఆడించండి. తరువాతి పోటీలో కూడా, సాధనలో క్రమం నిలుపుకుంటున్నాడన్న షరతు మీద, ఆ బాధ్యత అతనికే ఇవ్వండి. నిద్ర పట్టకపోవడం, తిండి మానేయడం, మైదానం పేరెత్తితే వణకడం రెండు వారాలు దాటి కొనసాగితే అది కోచ్ పరిధిలోని విషయం కాదు, ఇంటివారితో మాట్లాడి వైద్యుడి దగ్గరికి తీసుకెళ్ళండి. రెండు మూడు నెలల ఒత్తిడి సాధన తరువాత కూడా నోట్‌బుక్‌లో ఆఖరి నిమిషాల లెక్క మారకపోతే మనసును వదిలి మళ్ళీ మొదటికి రండి. ఆ సర్వీస్ ఖాళీ మైదానంలో, ఎవరూ చూడనప్పుడు, అలసిన చేతితో పదికి ఎన్నిసార్లు పడుతోందో లెక్కించండి. అయిదో ఆరో అయితే ఆ పిల్లవాడికి ఇంకా కావలసింది సర్వీస్ సాధనే.